వేరుసెనగ గింజయు ప్రాణవాయువును

కోవిల్పట్టి వేరుసెనగ మిఠాయిని ఎరుగని బిడ్డ మన బడిలో లేడు. 2020లో దానికి భౌగోళిక గుర్తింపును లభించినది. ఆ మిఠాయిని డబ్బాలో పెట్టి నెలల తరబడి మరచినచో ముక్కిన వాసన కొట్టును. విరుదునగరులో నూనె వ్యాపారము చేయువారికి ఈ వాసనను గురించి మేము చెప్పనక్కరలేదు. అయితే పొట్టు ఒలవని గింజ అంత త్వరగా ఏల చెడదు? దానిలోను సగమునకు దగ్గరగా నూనెయే కదా!

నూనెను చెడగొట్టునది ప్రాణవాయువే. నూనెలో ఒక అణువు దెబ్బతినినచో అది ప్రక్కదానిని చెరచును. గడ్డివామిలో నిప్పు ప్రాకినట్లు ఆ చేటు ప్రాకును. గింజలో దీనికి కావలి 'ఇ' విటమిను. 1922లో అమెరికాలో ఇవాన్సు, బిషపు అనువారు దీనిని కనుగొనిరి. అది నూనె నడుమ నిలిచి, దెబ్బను తానే తిని, ఆ గొలుసును త్రెంచును. గింజను వేయించి నలుగగొట్టినప్పుడు కణములు పగిలి నూనెకు గాలి సోకును. కావలి క్రమముగా తరిగిపోవును. మాటిమాటికి కాచిన నూనె గతియు ఇదియే.

మన దేహములోను ఈ పోరు నిత్యము జరుగుచున్నది. ఆహారమునుండి శక్తిని తీయునప్పుడు ప్రాణవాయువులో కొంత సూపర్ ఆక్సైడు అను ఉగ్రరూపము దాల్చును. దానిని అణచు ఎంజైమును 1969లో మెకార్డు, ఫ్రిడొవిచ్ అను శాస్త్రజ్ఞులు వెల్లడించిరి. అది సూపర్ ఆక్సైడును హైడ్రొజన్ పెరాక్సైడుగా మార్చును. ఇదియు హానికరమే. పిమ్మట కెటలేసు అను మరియొక ఎంజైము దీనిని నీరుగను ప్రాణవాయువుగను విడదీయును. దీని వేగము ఆశ్చర్యకరము: ఒక్క అణువు సెకనునకు లక్షలకొలది పెరాక్సైడు అణువులను విరుచును. మందుల దుకాణములో దొరకు పెరాక్సైడును పచ్చి ఉర్లగడ్డ ముక్కపై రెండు చుక్కలు వేసి పిల్లలకు చూపుడు, నురుగు పొంగును. ఉడికించిన ముక్కపై పొంగదు, వేడికి ఎంజైము చెడినది గనుక. (ఆ ముక్కలను తినరాదు.)

ఇంత తెలిసిన పిదప, ఆక్సీకరణమును ఆపు మాత్రలను బిడ్డలకు కొనిపెట్టవలెనా అని తల్లిదండ్రులు మమ్ము అడుగుచున్నారు. వైద్యుడు చెప్పనిదే వలదనియే మా అభిప్రాయము. ఫిన్లండు దేశములో పొగత్రాగు పురుషులు 29 వేల మందికి పైగా పాల్గొన్న పరీక్షలో, బీటా కెరోటీను మాత్రలు మ్రింగినవారిలో ఊపిరితిత్తుల పుట్టకురుపు తగ్గలేదు సరికదా, హెచ్చినదని 1994లో తేలినది. పైగా దేహమునకు ఆ ఉగ్రరూపములతో పనియు కలదు: మన తెల్లరక్తకణములు క్రిములను చంపుటకు వానినే ఆయుధములుగా ప్రయోగించుచున్నవి.