యంత్రమునకు రెండవ ద్వారము

హిందూపురము నుండి పెనుకొండ మీదుగా ధర్మవరము పోవు రైలుమార్గము మొత్తముమీద పల్లమునకు దిగును. ఎత్తు తగ్గినకొలది వేడిమి ఎంత పెరుగునో కొలువవలెనని ఒక విద్యార్థి సంకల్పించినాడనుకొందము. 2014లో చైనాలోని ఎస్ప్రెసిఫ్ సంస్థ విడుదల చేసిన ఇ.ఎస్.పి. 8266 అను చిన్న చిప్పుకు ఉష్ణోగ్రతను కొలుచు పరికరము జతచేసినాడు. స్టేషనులోని వైఫై ద్వారా కొలతలను పంపునట్లు అమర్చినాడు. వైఫై దొరికినట్లు దీపము వెలిగినది. ఇంటికి వచ్చి చూడగా ఒక్క కొలతయు చేరలేదు! దోషమెక్కడ?

ఇట్టి వైఫైకి రెండు ద్వారములున్నవి. మొదటిది రేడియో తరంగములది. ఇచ్చట సంకేతపదము అక్కరలేదు. చిప్పు సులభముగా ప్రవేశించును. దీపము చెప్పినది ఇంతమాత్రమే. రెండవ ద్వారమున గేట్‌వే అను కావలి యంత్రమున్నది. ప్రతి వైఫై పరికరమునకు మ్యాక్ అను 48 బిట్ల చిరునామా ఉండును. అది తన పట్టికలో లేనిచో, మనము ఏ పుట కోరినను కావలి యంత్రము తన లాగిన్ పుటనే చూపును. మనిషి దానిలో ఫోను నంబరు వ్రాసి, వచ్చిన ఓటీపీని చేర్చి లోనికి పోవును. మన చిప్పునకు తెరయు లేదు, పుటను చదువు నేర్పును లేదు.

ఇంతకన్న పెద్ద చిక్కు వేరొకటి కలదు. లాగిన్ పుటయు ఒక జవాబే కదా! జవాబు వచ్చినదే చాలునని చిప్పు సంతృప్తి చెందినచో, ఉత్తరమును తపాలా పెట్టెలో వేయక కావలివాని చేతికిచ్చి వచ్చినట్లగును. ఇట్టి స్థితిని తెలుపుటకు 2012లో 511 అను సంకేతసంఖ్య నిర్ణయింపబడినది. కాని దానిని పంపని గేట్‌వేలు అనేకము.

కావున మూడు జాగ్రత్తలు పాటింపవలెను. మొదట, జవాబు ముందుగా తెలిసిన ఒక పుటను అడిగి, వచ్చినది అదియేనా యని సరిచూడవలెను. మన ఫోనులు చేయునదియు ఇదియే. రెండవది, హెచ్.టి.టి.పి.ఎస్. మార్గమున పంపి, అవతలి వారి ధ్రువపత్రమును పరీక్షింపవలెను. అప్పుడు కావలి యంత్రపు జవాబు చెల్లదు. మూడవది, సరియైన రసీదు అందువరకు కొలతలను చిప్పు జ్ఞాపకములోనే దాచవలెను.

అనుమతి పొందిన ఫోను యొక్క మ్యాక్ చిరునామాను చిప్పునకు పెట్టుట కొందరు చెప్పు ఉపాయము. అది పరుల పేర ప్రవేశించుటయే, తగదు. మన ఫోను హాట్‌స్పాట్‌ను 2.4 గిగాహెర్ట్జ్‌లో ఉంచి చిప్పును దానికి కలుపుట సులభమైన మార్గము. ఈ చిప్పునకు 5 గిగాహెర్ట్జ్ వినబడదు.

దీపము వెలిగినంత మాత్రమున వార్త చేరినట్లు కాదు. చేరినదను రుజువు చేతికి వచ్చినపుడే కొలత పూర్తియైనట్లు.