వంటింటి మరమ్మతు - మేస్త్రీతో ఒడంబడిక

"ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అని చెప్పిన పెద్దలు మూడవ కష్టమును లెక్కలోనికి తీసికొనలేదు. కాపురమున్న యింటిలో వంటిల్లు మార్చుట ఆ మూడవది. కొత్త యిల్లు కట్టునపుడు గృహస్థు వేరొక చోట వండుకొని తినుచు, సాయంకాలము వచ్చి గోడ యెంత లేచినదో చూచుకొని పోవచ్చును. వంటిల్లు విప్పిన దినమునుండి ఆ వెసులుబాటు లేదు. పొయ్యి వసారాలోనికి వచ్చును. ఉప్పుజాడి పడకగదిలోనికి పోవును. సున్నపు పెళ్ళలు నీళ్ళబిందెలో రాలును. ఎనిమిది దినములలో ముగియునన్న పని యెనిమిది వారములు సాగినచో ఆ యింటి శాంతి యంతయు మేస్త్రీ రాకపోకలమీద నాధారపడి యుండును.

కృష్ణా మెట్టప్రాంతమున, అనగా నేడు ఎన్టీఆర్ జిల్లాలో చేరియున్న వేదాద్రి, జగ్గయ్యపేట, నందిగామల సీమలో, పాత యిండ్ల వంటగదుల తీరు పెద్దవారికి జ్ఞాపకమే. ఆగ్నేయ మూలను వంటిల్లు, నేలమీద మట్టిపొయ్యి, పాలు కాగుటకు దాలి, గోడలో గూళ్ళు, పైన అటక, మూలను జలదారి, పొగ పోవుటకు కప్పులో చిన్న గవాక్షము. ఇల్లాలు పీటమీద కూర్చుండి వండును. ప్రతి గిన్నెకును లేచి, ప్రతి గరిటెకును వంగును. నందిగామ ప్రాంతమున ప్రత్తికంప, మిరపకంప వంటచెరకుగా వాడిన యిండ్లలో గోడలు నల్లబారి, కన్నులు ఎఱ్ఱబారి యుండెడివి.

ఆ పొగ కేవలము చిరాకు కలిగించునది మాత్రమే కాదు. వంటింటి పొగవలన 2020వ సంవత్సరమున ప్రపంచమున 32 లక్షలమంది మరణించిరని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కకట్టినది. ఈ సంగతిని తెలుగుదేశమున ముందుగా గుర్తించినవారిలో హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనశాలకు చెందిన డాక్టరు ఎస్.పి. రాజు ఒకరు. పొగగొట్టముతో కూడిన మట్టిపొయ్యి నొకదానిని రూపొందించి, సామాన్యుల వంటిండ్లను పొగనుండి తప్పించు మార్గమును వివరించుచు ఆయన 1953లో ఇంగ్లీషున నొక పుస్తకము వెలువరించిరి. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున దీపము పథకము, 2016లో కేంద్రప్రభుత్వపు ఉజ్జ్వల పథకము వచ్చిన మీదట గ్యాసుపొయ్యి పేదయింటికిని చేరినది. పొయ్యి మారినది గాని గది మారలేదు. నేలమీద కూర్చుండి వండుటకు కట్టిన గదిలో నిలుచుండి వండుటకు గట్టు కావలసివచ్చినది. నేటి మరమ్మతులలో పెక్కింటికి మూలమిదియే.

వంటగది యనునది స్త్రీ శ్రమను దృష్టిలో నుంచుకొని కొలతలు వేయదగిన కార్యశాల యని నిరూపించినది ఆస్ట్రియా దేశపు వాస్తుశిల్పి మార్గరెటే షుట్టె-లిహొట్స్కీ. ఆమె 1926లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్టు నగరపు కార్మిక గృహములకై రచించిన వంటగది సుమారు ఆరడుగుల వెడల్పు, పదునొకండడుగుల పొడవు మాత్రమే. ఎన్ని అడుగులు నడచిన ఎంత పని యగునో లెక్కించి ఆమె దానిని కూర్చెను. మన యిండ్లలో ఈ లెక్క తరచుగా తప్పిపోవుచున్నది. మేస్త్రీతో మాటలాడువాడు ఇంటి యజమాని. నాపరాయియా గ్రానైటుపలకయా యని నిర్ణయించువాడు ఆతని తమ్ముడు. రంగు చెప్పువాడు కొడుకు. ముప్పది సంవత్సరములు అందు నిలువబోవు ఇల్లాలి యెత్తెంత యని యడుగువారుండరు. గట్టు ఆమె మోచేతికంటె అయిదారంగుళములు దిగువగా నుండవలయును. ఎక్కువైన భుజములు నొచ్చును, తక్కువైన నడుము విరుగును. కావున మేస్త్రీ కొలతబద్ద పట్టుటకు ముందే ఇల్లాలిని పిలిచి నిలువబెట్టి గోడమీద గీత గీయించుట మొదటి పని. ఆ గీతకు ఖర్చు లేదు. దానిని తరువాత దిద్దవలెనన్న గట్టు పగులగొట్టవలయును.

రెండవ పని మేస్త్రీని వెదకుట. అద్దమువలె మెరయు కొత్త పనిని చూచి మోసపోరాదు. రెండు వానకాలములు గడచిన పనిని చూడవలయును. పలకల సందులలో సున్నము నిలిచినదా, తొట్టిక్రింద గోడ చెమ్మగిలినదా, జలదారి వాసన కొట్టుచున్నదా యని ఆ యింటి స్త్రీలనడిగిన అయిదు నిమిషములలో మేస్త్రీ చరిత్ర తెలియును. పిలిచినపుడు మరల వచ్చెనా యను ప్రశ్న అన్నిటికంటె ముఖ్యమైనది.

పని యొప్పగించుటకు మూడు పద్ధతులు కలవు. రోజుకూలి పద్ధతిలో పని నెమ్మదిగాను, శ్రద్ధగాను సాగవచ్చును. కాని రోజులు పెరిగినకొలది ఖర్చు పెరుగును. కూలి గుత్తలో సామాను యజమానిది, శ్రమ మేస్త్రీది. ఇచట సిమెంటు వృథాయైనను మేస్త్రీకి నష్టము లేదు. సామానుతో సహా గుత్తలో యజమానికి తిరుగుడు తప్పును గాని, మాల్ కలుపునపుడు నాలుగు పాళ్ళ ఇసుక ఆరు పాళ్ళగు ప్రమాదము కలదు. చిన్న వంటింటికి కూలి గుత్తయే మేలని అనుభవజ్ఞులందురు. ఇంటివారికి సామాను కొనితెచ్చు తీరిక యున్నపుడే యది చెల్లును.

సామానుకు ఈ సీమలో కరవు లేదు. జగ్గయ్యపేట చుట్టుపట్ల సున్నపురాయి నిక్షేపము లున్నందుననే జయంతిపురము, ముక్త్యాలలలో సిమెంటు కర్మాగారములు వెలసినవి. ప్రక్కనే కృష్ణ, మున్నేరు, పాలేరు ప్రవహించుచున్నవి. అయినను కర్మాగారము చేరువ నున్నంతమాత్రమున బస్తా మంచిదని యెంచరాదు. బస్తామీద తయారైన వారము, సంవత్సరము ముద్రించి యుండును. మూడు నెలలు దాటినది కొనరాదు. ఇసుకను గాజుసీసాలో మూడవవంతు పోసి, నీరు నింపి, చిటికెడు ఉప్పు వేసి కుదిపి, మూడు గంటలు కదల్పక యుంచినచో మీద ఒండ్రు పేరుకొనును. ఆ ఒండ్రు నూటికి ఎనిమిది పాళ్ళు మించినచో ఆ ఇసుక పనికిరాదు. నీరు కలిపిన మాల్ అరగంటలోపల వాడవలయును. సాధారణ సిమెంటు పని కనీసము ఏడు దినములు, బూడిద కలిసిన సిమెంటు పని పది దినములు తడుపవలయునని భారత ప్రమాణముల నియమము. తడుపువాడు ఎవడు? మేస్త్రీ తనది కాదనును, యజమాని తనకు చెప్పలేదనును. గట్టు బీటలు వారిన తరువాత ఈ వాదము మొదలగును.

ఇట్టి వాదములన్నియు కాగితము లేనందున పుట్టునవే. కాగితమనగా గుమాస్తా వ్రాసిన దస్తావేజు కానక్కరలేదు. చేతివ్రాతతో నొక పుట చాలును. కొలత విషయమే చూడుడు. మేస్త్రీ "అడుగుకింత" అనును. పది అడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు గల గట్టు నిడివిని బట్టి పది అడుగులు, వైశాల్యమును బట్టి ఇరువది చదరపుటడుగులు. గోడ చుట్టుకొలత ముప్పది అడుగులనుకొందము. పలకలు రెండడుగుల యెత్తువరకైన అరువది చదరపుటడుగులు, ఏడడుగుల వరకైన రెండువందల పది. మూడడుగుల వెడల్పు, ఏడడుగుల యెత్తు గల ద్వారమును తీసివేయుదురా? తీసివేసిన ఇరువదియొక్క చదరపుటడుగులు తగ్గును. ఒక్క మాట వ్రాయనందున లెక్క మూడు రెట్లు మారగలదు.

అందు వ్రాయవలసినవి మరికొన్ని కలవు. పని మొదలు, ముగింపు తేదీలు, పాత తలుపులు, రాళ్ళు, ఇత్తడి కొళాయిలు ఎవరివి, శిథిలములను తరలించు బండికూలి ఎవరిది, నీటిగొట్టములను గోడలో మూయకముందే నీరు నింపి పరీక్షించవలయునను షరతు, జలదారి వాలు, అదనపు పనికి ముందుగా రేటు వ్రాసి సంతకము చేయుట. సొమ్ము విషయమున బయానా పదవవంతునుండి ఆరవవంతు వరకు నీయవచ్చును. తక్కినది పని మెట్టు మెట్టునకును చెల్లించి, కడపటి పదవవంతును నీరు వదలి నెల దినములు చూచిన తరువాత నిచ్చుట న్యాయము.

గ్యాసు విషయమున అజాగ్రత్త ప్రాణములమీదికి తెచ్చును. గ్యాసు గాలికంటె బరువైనది. కారినచో నేలమీదనే పరచుకొనును. అందుచేత కిటికీ యొక్కటి చాలదు. గోడ అడుగున నేలను ఆనుకొని రంధ్రము వలయును. సిలిండరు నిలువుగా, పొయ్యికంటె దిగువ నుండవలయును. గట్టుక్రింద తలుపులు బిగించినచో వాని అడుగున గాలిసందులు విడువవలయును. విద్యుత్తు మీటలు తొట్టికిని, గ్యాసుకును దూరముగా, ఎత్తున నుండుట మేలు. 2023 జూలైలో మున్నేరు పొంగి ఐతవరము వద్ద విజయవాడ-హైదరాబాదు రహదారిని ముంచివేసిన సంగతి ఈ సీమవారు మరువరు. ఏటియొడ్డు పల్లెలలో వంటింటి నేలమట్టము నిర్ణయించునపుడు వరదగుర్తును కూడ చూడవలయును. నల్లరేగడి నేలలో పాత గోడకానించి కొత్త గది దింపుట మరియొక ప్రమాదము. ఆ నేల తడికి ఉబ్బి, ఎండకు కుంచించుకొనును. పునాది లోతు చాలనిచో మొదటి వేసవికే రెండు గోడల నడుమ చేయి దూరునంత సందు పడును.

పనివానికిని యజమానికిని మాటపట్టు ఉండవలయునను సంగతి కొత్తది కాదు. పనివారు చెప్పిన చోట, చెప్పిన కాలమున, చెప్పిన రీతిని పని ముగింపవలయుననియు, కాలము మించినచో వేతనమున నాలుగవవంతు తగ్గించి, దానికి రెండింతలు దండుగ వేయవలయుననియు కౌటిల్యుని అర్థశాస్త్రము విధించినది. నేటి చట్టము అంత కఠినము కాదు. 1872నాటి ఒప్పందముల చట్టము ప్రకారము నోటిమాటయు ఒప్పందమే; దానిని రుజువు చేయుటయే కష్టము. ఆలస్యమునకు ఇంతయని ముందుగా వ్రాసికొన్నను, 74వ సెక్షను ననుసరించి న్యాయస్థానము ఆ మొత్తమునకు మించకుండ ఉచితమైన పరిహారమునే యిప్పించును. 70వ సెక్షను మేస్త్రీ పక్షమున నున్నది. ఉచితముగా చేయు ఉద్దేశము లేక ఆతడు చేసిన అదనపు పనిని స్వీకరించి అనుభవించిన యజమాని దానికి వెల నీయవలసినదే. గృహనిర్మాణము కూడ వినియోగదారుల చట్టమున సేవయేయని సుప్రీముకోర్టు 1993లో తీర్పు చెప్పినది. 2019నాటి చట్టము ప్రకారము తగవు పుట్టిన రెండేండ్లలోపల జిల్లా కమిషనునకు పోవచ్చును. అయితే రసీదు లేని ఫిర్యాదు నిలుచుట కష్టము.

ఇంతవరకు యజమాని భయములే చెప్పబడినవి. మేస్త్రీ భయములును తక్కువవి కావు. నడుమ గట్టు కూలగొట్టించి మరల కట్టించువారు, అదనపు పనిని "ఇంతేగదా" యని ఉచితముగా చేయించుకొనువారు, కడపటి సొమ్ముకై పండుగ వరకు త్రిప్పువారు ప్రతి యూరను కలరు. మేస్త్రీకి రావలసినది ఆగినచో ముందుగా ఎండునది ఆతని యిల్లు కాదు. ఇసుకగంప మోసిన కూలి స్త్రీ పొయ్యి. పురుషునితో సమానమైన పనికి సమాన వేతనమీయవలయునను చట్టము 1976లోనే వచ్చినది. కట్టడపు కార్మికుల రక్షణకై వచ్చిన 1996నాటి చట్టము మాత్రము పది లక్షల రూపాయలు మించని స్వగృహపు పనిని తన పరిధిలో చేర్చుకొనలేదు. పరంజామీదనుండి జారిపడిన మనిషికి వైద్యమెవరు చేయింతురను మాట కూడ ఆ పుటలో నొక పంక్తిగా నుండుట ధర్మము. ఇంటిలో వంట సుఖముగా సాగుటకై మరియొకరి యింట వంట ఆగరాదు గదా!

పనివాని గౌరవమునకు ఈ సీమలోనే యొక పురాతన సాక్ష్యము కలదు. వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు తన తండ్రి పేర జగ్గయ్యపేటను నిలుపుటకు ఎన్నో శతాబ్దములకు పూర్వమే అచటి కొండమీద బౌద్ధ మహాచైత్యము వెలసియుండెను. 1882లో జేమ్సు బర్జెస్ దానిని త్రవ్వించెను. ఇక్ష్వాకు ప్రభువు వీరపురుషదత్తుని ఇరువదియవ పాలనవర్షమున, ఆ చైత్యపు తూర్పుద్వారమున అయిదు ఆయక స్తంభములు నెలకొల్పిన దాత పేరు అచటి శాసనమున నున్నది. ఆతడు రాజు కాడు, మంత్రి కాడు. సిద్ధార్థుడను పనివాడు, నాకచందుడను పనివాని కుమారుడు. మూడవ శతాబ్దమున ఒక చేతిపనివాడు తన పేరును, తండ్రి పేరును, వృత్తిని శిలమీద చెక్కించుకొనగలిగెను. నేడు వంటిల్లు కట్టిన మేస్త్రీ పేరు, పని ముగిసిన ఏడాదికి, ఆ యింటివారికే జ్ఞాపకముండదు.

పాలు పొంగించు దినమున మేస్త్రీని పిలిచి, తాంబూలముతో కొత్తబట్టలు పెట్టుట మన యిండ్లలో నున్న ఆచారమే. దానితోడనే నిలిపియుంచిన పదవవంతు సొమ్ము ఎన్నడు చెల్లునో తేదీ చెప్పి, ఆ తేదీకి పిలిచి చెల్లింపవలయును. కొళాయి కారినపుడు కబురు పంపిన ఆ మేస్త్రీ వచ్చునా రాడా యనునది ఆ తేదీమీదనే యాధారపడియుండును.