ఏమీ చెయ్యదండీ!

కుక్క ఉన్న ఇంటి గుమ్మం ముందు మీరెప్పుడైనా నిలబడ్డారా? బెల్లు నొక్కగానే లోపల అది ఇల్లెగిరిపోయేలా మొరుగుతుంది. తలుపు ఓరగా తెరుచుకుంటుంది. ఆ సందులోంచి ముందుగా ఒక మూతి, దాని వెనకాల యజమానిగారి చిరునవ్వు కనిపిస్తాయి. "రండి రండి, భయపడకండి, మాది ఏమీ చెయ్యదండీ!" అంటారాయన.

ఈ మాట నేనూ మూడేళ్ళపాటు అన్నవాణ్ణే. అది ఖాతాలో డబ్బు లేకుండా రాసిచ్చిన చెక్కులాంటిదని నాకు తెలిసేసరికి ఒక కుర్రవాడి మణికట్టు విరిగింది. మన పత్రిక చదివే కుటుంబాల్లో చాలామంది ఇళ్ళల్లో కుక్కలున్నాయి కాబట్టి ఆ సంగతి నలుగురితో చెప్పుకోవాలనిపించింది. నేను జంతుశాస్త్రం చదివినవాణ్ణి కాను. బి.కాం. చదివి, బ్యాంకులో చేరి, ముప్ఫై ఏళ్ళుగా లెక్కలతో కుస్తీ పడుతున్నవాణ్ణి. నాకు తెలిసిందల్లా తప్పు జరిగితే ఎక్కడ జరిగిందో వెతుక్కోవడమే.

మొదటి పద్దు 1995 నాటిది. కర్నూలు జిల్లాలో ఒక పల్లె బ్రాంచిలో నా పోస్టింగు. పంట రుణాల వసూలుకు ఊళ్ళు తిరగాలి. బాకీదారు కంటే ముందు బాకీదారు కుక్క ఎదురొచ్చేది. మా అటెండరు పెద్దాయన మొదటి వారంలోనే నాకు పాఠం చెప్పాడు. "సార్, పరిగెత్తొద్దు. దాని కండ్లలోకి చూడొద్దు. చేతులు ఊపొద్దు. ఈడనే నిలబడి ఇంటోళ్ళను పిలుద్దాం." వీధిలోంచే "ఏమమ్మా, ఇంట్లో ఎవరున్నారు?" అని కేకేసేవాడు. ఇంటావిడ బయటికొచ్చి "ఛీ, పో" అనేది. కుక్క వెళ్ళి వేపచెట్టు కింద పడుకుని, ఒక కన్ను మాత్రం మా మీదే వేసి ఉంచేది.

ఆ ఊళ్ళల్లో ఉన్నన్నాళ్ళూ నన్ను ఒక్క కుక్కా కరవలేదు. అదంతా నా ధైర్యమే అనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే అందులో ఆ ఇళ్ళ కట్టడానికీ వాటా ఉంది. వీధికీ ఇంటికీ మధ్య వాకిలి, వాకిలికీ గడపకీ మధ్య అరుగు. వచ్చేవాణ్ణి కుక్క దూరం నుంచే చూసేది, వాసన పట్టేది, మొరిగి ఇంటివాళ్ళకు చెప్పేది. తర్వాత పక్కకు తప్పుకోవడానికి దానికీ చోటుండేది. బెంగళూరు ఫ్లాటులో ఆ చోటు లేదు. లిఫ్టు చప్పుడు, బెల్లు, తలుపు, అంతే. ఎవరో ఎరగని మనిషి జానెడు దూరంలో నిలబడి ఉంటాడు. వెనక్కి తగ్గుదామంటే గోడ, సోఫా, మన కాళ్ళు.

ఇక మా చిట్టి సంగతి. 2020లో లాక్‌డౌన్ రోజుల్లో మా వీధిలో ఒక కుక్క పిల్లల్ని పెట్టింది. అందులో ఒక గోధుమరంగు ఆడపిల్లను మా అమ్మాయి ఒడిలో పెట్టుకుని ఇంటికి తెచ్చేసింది. అప్పటికి దానికి రెండు నెలలు. బ్యాంకులు మూతపడలేదు కనుక నేను రోజూ ఆఫీసుకు వెళ్ళేవాణ్ణి. ఇంటికి మాత్రం చుట్టాలు లేరు, పనిమనిషి లేదు, పాలవాడు సైతం కింద గేటు దగ్గరే ప్యాకెట్లు పెట్టి వెళ్ళేవాడు. ఎప్పుడైనా ఒక మనిషి కనిపిస్తే మూతికి మాస్కు. చిట్టి దృష్టిలో లోకమంటే మేం ముగ్గురమే.

దీని విలువ ఎంతో నాకప్పుడు తెలియదు. జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్ అనే ఇద్దరు అమెరికన్ శాస్త్రజ్ఞులు ఏళ్ళ తరబడి కుక్కపిల్లల్ని పెంచి పరిశీలించి 1965లో ఒక పెద్ద గ్రంథం వెలువరించారు. మూడో వారం నుంచి సుమారు పన్నెండో వారం వరకు పిల్ల ఎవరెవరిని చూస్తుందో, ఎవరి చేతుల్లో తిరుగుతుందో, వాళ్ళంతా దానికి "మనవాళ్ళు" అవుతారని వారు తేల్చారు. ఆ కిటికీ మూసుకున్నాక కొత్తవాళ్ళను నమ్మించడం సాధ్యమే కానీ చాలా ఓపిక కావాలి. మా చిట్టికి ఆ కిటికీ సరిగ్గా లాక్‌డౌన్‌లోనే తెరుచుకుని, లాక్‌డౌన్‌లోనే మూసుకుపోయింది.

ఆ తర్వాత ఊరు తెరుచుకుంది. రోజుకు ఐదారుసార్లు బెల్లు. కూరగాయలు ఒకరు, మందులు ఒకరు, పుస్తకాలు ఒకరు. ఇక్కడ కుక్క లెక్క ఎలా ఉంటుందో చూడండి. కొరియరు కుర్రవాడు వస్తాడు. చిట్టి మొరుగుతుంది. అతను ప్యాకెట్టు ఇచ్చి వెళ్ళిపోతాడు. మన లెక్కలో పని అయింది కాబట్టి వెళ్ళాడు. చిట్టి లెక్కలో తాను మొరిగింది కాబట్టి వెళ్ళాడు! ప్రతి బెల్లుకూ దాని ఖాతాలో ఒక విజయం జమ. పోస్టుమాన్‌కీ కుక్కకీ లోకమంతటా ఉన్న వైరానికి పెద్ద కారణం ఇదే. అదే మా బ్యాంకు మిత్రులు వస్తే, లోపలికి వస్తారు, కూర్చుంటారు, కాఫీ తాగుతారు. పది నిమిషాలు మొరిగినా వాళ్ళు పోరు కనుక చిట్టి విసుగెత్తి పడుకుంటుంది. "చూశారా, పెద్దమనుషుల్ని పోల్చుకుంటుంది" అని మేం మురిసిపోయేవాళ్ళం. నిజానికి అది పెద్దమనుషుల్నీ చిన్నమనుషుల్నీ చూడదు. హెల్మెట్టు, వీపున పెద్ద సంచీ, తొందర నడక, వీటిని చూస్తుంది. మన మొహాల్ని కూడా చూస్తుంది.

ఈ చివరి మాట నా కల్పన కాదు. ఇటలీలో మిలాన్ విశ్వవిద్యాలయం వారు 2012లో ఒక ప్రయోగం ప్రకటించారు. ఆకుపచ్చ రిబ్బన్లు కట్టిన ఫ్యాను ఒకటి కుక్కల ముందు తిప్పారు. అదేమిటో తెలియక చాలా కుక్కలు ముందు యజమాని మొహం చూశాయి. యజమాని భయం నటిస్తే వెనక్కి తగ్గాయి. అది చదివాక మా ఇల్లు గుర్తుకొచ్చింది. బెల్లు మోగగానే "ఎవర్రా బాబూ ఈ వేళప్పుడు" అని నొసలు చిట్లించేది మేము. మిత్రులొస్తే నవ్వేదీ మేమే. చిట్టి ఆ రెండు మొహాలూ కంఠస్థం చేసింది.

2023 జనవరిలో హైదరాబాదు నుంచి ఒక వార్త వచ్చింది. బంజారాహిల్స్‌లో ఒక అపార్టుమెంటుకు భోజనం ఇవ్వడానికి వెళ్ళిన 23 ఏళ్ళ కుర్రవాడి మీదికి ఆ ఇంటి జర్మన్ షెపర్డు దూకింది. అతను భయపడి పరిగెత్తి, తప్పించుకోవడానికి మూడో అంతస్తు నుంచి దూకాడు. కొద్ది రోజులకు నిమ్స్ ఆసుపత్రిలో చనిపోయాడు. యజమాని మీద పోలీసులు కేసు పెట్టారు. ఆ వార్త చదివి, "అంత కుక్కను కట్టెయ్యకుండా తలుపు ఎలా తీస్తారండీ, బుద్ధి ఉండక్కర్లేదూ?" అని నేను మా ఆవిడతో అన్నాను. ఆ మాట అంటున్నప్పుడు చిట్టి నా కాళ్ళ దగ్గరే పడుకుని ఉంది, మెడకు పట్టీ కూడా లేకుండా.

మూడు నెలలు గడిచాయి. ఏప్రిల్‌లో ఒక సాయంత్రం బెల్లు మోగింది. మా ఆవిడ ఒక చేత్తో ఫోను పట్టుకుని ఇంకో చేత్తో తలుపు తీసింది. చిట్టి ఆమె కాళ్ళ మధ్యనుంచి బాణంలా దూసుకుపోయింది. కుర్రవాడు ఒక అడుగు వెనక్కి వేశాడు. ఆ అడుగు మెట్టు మీద పడలేదు. ఐదారు మెట్లు దొర్లి మలుపు దగ్గర ఆగాడు. చిట్టి కరవలేదు, ముట్టుకోను కూడా లేదు. పై మెట్టు మీద నిలబడి మొరుగుతూ ఉంది. తోక ఊపుతూనే ఉంది.

నేను పరుగెత్తుకొచ్చాను. నా నోట మొదట వచ్చిన మాట "దెబ్బ తగిలిందా?" అని కాదు. "ఏమీ చెయ్యదు బాబూ, ఏమీ చెయ్యదు" అన్నాను, తెలుగులోనే.

అతను మణికట్టు పట్టుకుని నా వైపు చూశాడు. "అది ఏమీ చేయదని మీకు తెలుసు సార్. నాకెట్ల తెలుస్తాది?" అన్నాడు.

కదిరి దగ్గరి పల్లె అతనిది. అంతకు ముందు మా గుమ్మానికి ఇరవైసార్లయినా వచ్చి ఉంటాడు. మా భాషవాడని నాకు తెలిసింది ఆ రోజే.

దగ్గర్లో ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్ళాను. మణికట్టు ఎముక చిట్లింది. కట్టు వేసి, మూడు వారాలు బండి నడపకూడదన్నారు. బిల్లు కట్టాను. రోజుకు ఎంత గిట్టుతుందని అడిగి, ఇరవై ఒకటితో హెచ్చవేసి ఆ మొత్తం అతని చేతిలో పెట్టాను. లెక్క తేలిపోయిందనుకున్నాను. అతను డబ్బు జేబులో పెట్టుకుని, "డబ్బులు సరే సార్. చెయ్యి బాగయినాక మళ్ళా ఈ మెట్లే ఎక్కాల కదా" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. నెల తిరిగేసరికి మణికొండలో ఇంకొక డెలివరీ మనిషి డోబర్‌మన్‌కు భయపడి మూడో అంతస్తు నుంచి దూకి గాయపడ్డాడని వార్త. ఈసారి నేను ఎవరి బుద్ధి గురించీ మాట్లాడలేదు.

తోక ఊపితే స్నేహమేనని మనం అనుకుంటాం. అదీ పూర్తి నిజం కాదట. 2007లో ఇటలీ పరిశోధకులు 30 కుక్కల తోకల్ని కెమెరాతో చూశారు. యజమాని కనిపిస్తే తోక ఎక్కువగా కుడివైపు ఊగిందట. ఎరగని దబాయించే కుక్క కనిపిస్తే ఎడమవైపు. తోక ఊపడమంటే మనసులో కదలిక ఉందని మాత్రమే. అది సంతోషమా కంగారా అన్నది మిగతా ఒళ్ళు చెబుతుంది. బిగుసుకున్న కాళ్ళు, మూసిన నోరు, వెనక్కి వాల్చిన చెవులు, తెల్లగుడ్డు కనిపించే చూపు ఉంటే దూరంగా ఉండమని అర్థం.

తప్పు కుక్కదా? బెంగళూరు కస్తూర్బా రోడ్డులోని ప్రభుత్వ మ్యూజియానికి చెందిన ఆతకూరు శాసనం ఒకటుంది. మండ్య జిల్లా నుంచి తెచ్చిన క్రీ.శ. 949-50 నాటి వీరగల్లు అది. కాళి అనే వేటకుక్క అడవిపందితో పోరాడి, రెండూ చనిపోతే, ఆ కుక్క పేరున నిలిపిన రాయి. ముందుకు దూకడాన్నే వెయ్యేళ్ళుగా మనం మెచ్చుకున్నాం, రాళ్ళు నాటాం. అదే గుణం మూడో అంతస్తు ఫ్లాటులో కనిపిస్తే కుక్కను తిడుతున్నాం. మహాభారతం ఆదిపర్వంలో జనమేజయుడి తమ్ముళ్ళు ఏ తప్పూ చెయ్యని కుక్కపిల్లను కొడితే దాని తల్లి సరమ వచ్చి రాజునే నిలదీస్తుంది. జవాబు చెప్పాల్సింది ఇంటి యజమాని అని ఆనాడే తెలుసు. చట్టమూ అదే అంటుంది. అప్పటి శిక్షాస్మృతి 289వ సెక్షను, 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షను. పెంచిన జంతువు విషయంలో నిర్లక్ష్యం చేస్తే ఆరు నెలల వరకు జైలు, లేదా ఐదు వేల వరకు జరిమానా, లేదా రెండూ.

మేం చేసినవి చిన్న పనులే. గుమ్మానికి మూడడుగుల లోపల, పసిపిల్లల కోసం అమ్మే చిన్న గేటు ఒకటి బిగించాం. పోయిన వాకిలిని అలా తిరిగి కట్టుకున్నామన్నమాట. హాలు మూల ఒక చాప వేశాం. ప్రతి ఆదివారం మా అమ్మాయి బయటికెళ్ళి ఇరవైసార్లు బెల్లు కొట్టేది. చిట్టి చాప మీదికి వెళితే చపాతీ ముక్క. మొదట ఒక్కసారీ వెళ్ళలేదు. నాలుగు నెలలు పట్టింది. మొరిగినందుకు కొట్టడం, అరవడం మానేశాం. మనం అరిస్తే మనమూ దానితో కలిసి మొరుగుతున్నామనుకుంటుంది. గుర్రుమన్నందుకు కొడితే ఇంకా ప్రమాదం. గుర్రుమనడం మాని నేరుగా కరవడం నేర్చుకోవచ్చు. ఏటేటా రేబిస్ టీకా వేయిస్తున్నాం. ఎవరికైనా పన్ను తగిలినా, గోరు గీరుకున్నా వెంటనే పదిహేను నిమిషాలు సబ్బుతో, ధారగా పడే నీళ్ళతో కడిగి డాక్టరు దగ్గరికి వెళ్ళాలని ఇంట్లో అందరికీ చెప్పాం.

ఇక బోర్డు. క్రీ.శ. 79లో అగ్నిపర్వతం కప్పేసిన పాంపే నగరంలో ఒక ఇంటి గుమ్మంలో కుక్క బొమ్మ వేసి, జాగ్రత్త అని లాటిన్‌లో రాసి ఉంది. మన బెంగళూరు గేట్ల మీద "నాయి ఇదె, ఎచ్చరికె" అని ఉంటుంది. రెండు వేల ఏళ్ళుగా జాగ్రత్త పడమని వచ్చేవాడికే చెబుతున్నాం. మా బోర్డు కొంచెం మార్చి రాయించాను, కన్నడంలో, తెలుగులో, ఇంగ్లీషులో. "కుక్క ఉంది. బెల్లు కొట్టి కాస్త దూరంగా నిలబడండి. కట్టేసిన తర్వాతే తలుపు తీస్తాం."

సెప్టెంబరులో ఒక రోజు బెల్లు మోగింది. చిట్టి రెండుసార్లు మొరిగి చాప మీదికి వెళ్ళింది. పట్టీకి గొలుసు తగిలించి, గేటు వేసి తలుపు తీశాను. కదిరి కుర్రవాడే. గోడ వారగా నిలబడి, మెట్ల రెయిలింగు ఒక చేత్తో పట్టుకుని ఉన్నాడు.

"కట్టేసినారా సార్?"

"కట్టేశాం నాయనా."

రెయిలింగు వదిలి నాలుగడుగులు ముందుకు వచ్చి ప్యాకెట్టు ఇచ్చాడు.