కలబందకు ఎండ కాదు, నీళ్లే గండం

మా సిరొంచ తాలూకా రేగుంటలో ముసురు పట్టిందంటే వాకిట్ల కలబందలు పసుపెక్కి మెత్తబడతయి. వాడిందనుకొని ఇంకో చెంబెడు నీళ్లు పోస్తరు. అదే దాని పానం తీస్తది. తడి మట్టిలో గాలాడక వేర్లు కుళ్లుతయి.

నేను చేసేది చెప్త. మొక్కను మెల్లగ పెకిలించి మట్టి దులుపుత. నల్లగ మెత్తబడ్డ వేర్లన్నీ శుభ్రమైన కత్తితో కోసేస్త. నాలుగైదు రోజులు నీడకు ఆరబెడత. పాత నూనె డబ్బాకు అడుగున బొక్కలు కొట్టి, సగం ఇసుక కలిపిన మట్టిలో నాటుత. వారం దాకా నీళ్లు పొయ్యను. వేరు ఒక్కటీ మిగలకున్నా మొదలు గట్టిగుంటే కొత్త వేర్లు వస్తయి. మొదలే కుళ్లితే పక్క పిలకలను వేరుచేసి కాపాడుకోవాలె.

దిష్టికని గుమ్మానికి తలకిందులుగ కట్టిన కలబంద మట్టీ నీళ్లూ లేకుండ నెలలకొద్ది పచ్చగుంటది కదా! అందుకే కోసి ఆరబెట్టేందుకు భయపడకుండ్రి.