గోటి చార మీద నూనె చుక్క

సంక్రాంతి చలికి మోకాలి కింద చర్మం ఎండినప్పుడు గోటితో గీరితే తెల్లటి చార పడుతుంది. దానిమీద కొబ్బరి నూనె ఒక్క చుక్క వేసి రుద్ది చూడండి, చార మాయమవుతుంది. ఎండిన పొట్టు పైకి లేచి, సందుల్లో గాలి చేరి వెలుతురును చెదరగొడుతుంది కాబట్టే ఆ తెలుపు. సందుల్లోకి నూనె దిగగానే పొట్టు అణిగి చర్మం నున్నబడుతుంది.

మనం రాయకముందే అక్కడ మన సొంత చమురు ఉంటుంది, అదీ రెండు రకాలు. నూనె గ్రంథుల నుంచి ఊరే సీబమ్ ఒకటి. ముక్కు, నుదురు జిడ్డుగా ఉండేది దీనివల్లే. అరికాళ్లకు ఆ గ్రంథులే లేవు. మడమలు పగలడానికి అదొక కారణం. రెండోది పైపొరలో చచ్చిన కణాల మధ్య, ఇటుకల నడుమ సిమెంటులా ఉండే కొవ్వు. బరువులో దాదాపు సగం సెరమైడ్లు, నాలుగో వంతు కొలెస్టరాల్, మిగతాది చాలావరకు ఫ్యాటీ ఆమ్లాలు. ఒంట్లో నీరు ఆవిరైపోకుండా ఆపేది ముఖ్యంగా ఇదే.

ఇక బయటినుంచి రాసేవాటి సంగతి. 1872లో రాబర్ట్ చీజ్‌బ్రో పేటెంటు పొందిన వాజలిన్, అంటే పెట్రోలియం జెల్లీ, చర్మంపై మూతలా కూర్చుంటుందని చాలాకాలం అనుకున్నారు. అది పైపొర కణాల సందుల్లోకీ ఇంకుతుందని, చర్మం తనను తాను బాగుచేసుకోవడానికి అడ్డుపడదని 1992లో పీటర్ ఎలియాస్ బృందం చూపింది.

వంటనూనెల తీరు వేరు. పొద్దుతిరుగుడు నూనెలో ఎక్కువగా ఉండే లినోలియిక్ ఆమ్లం చర్మం సెరమైడ్లు కట్టుకోవడానికి కావలసిన ముడిసరుకు. ఆలివ్ నూనెలో మెండుగా ఉండే ఒలియిక్ ఆమ్లం మాత్రం వరుసగా పేర్చిన ఆ కొవ్వు పొరలను వదులు చేస్తుంది. మందులు చర్మంలోకి దిగడానికి దాన్ని వాడేదీ అందుకే. 2013లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ పరిశోధకులు పెద్దవాళ్ల ముంజేతులకు వారాల తరబడి రోజూ ఈ నూనెలు రాయించి చూస్తే, ఆలివ్ రాసినచోట చర్మపు కాపు బలహీనపడింది, పొద్దుతిరుగుడు రాసినచోట నిలిచింది. ఖరీదైనదే మంచిదని పసిబిడ్డ ఒంటికి ఆలివ్ నూనె మర్దనా చేస్తుంటే నాకు బాధేస్తుంది.

నూనెలో నీరుండదు, ఉన్న నీటిని అది పట్టి ఉంచుతుంది. అందుకే స్నానమయ్యాక తువ్వాలుతో అద్దుకుని, తడి పూర్తిగా ఆరకముందే రాసుకోవాలి. మడమలైతే పడుకోబోయే ముందు పది నిమిషాలు గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, తుడిచి, పెట్రోలియం జెల్లీ పూసి, నూలు సాక్సులు తొడుక్కోండి.