బాకీల చిట్టా గ్రూపులో పెడితే చిక్కే

అరువు ఖాతా పుస్తకం ఒకప్పుడు గల్లాపెట్టె పక్కనే ఉండేది. ఎవరి పేరిట ఎంత పద్దు ఉందో కొట్టు యజమానికి, బాకీదారుకు తప్ప మూడో మనిషికి తెలిసేది కాదు. పంట చేతికొచ్చాక యజమాని ఇంటికెళ్ళి అడిగేవాడు. ఇస్తే ఇచ్చినట్టు, లేకపోతే మరో వాయిదా.

ఇప్పుడా పుస్తకం చాలా కొట్లలో సెల్‌ఫోనులోకి చేరింది. లెక్క సులువైంది, మంచిదే. కానీ అదే ఫోనులో ఊరి వాట్సాప్ గ్రూపు కూడా ఉంది. ఓపిక నశించిన రోజున పది పేర్లు, పక్కన బాకీలు, దొరికితే ఫొటోలు కూడా చేర్చి, "వీరు డబ్బు ఎగ్గొట్టారు" అని పెట్టడానికి అర నిమిషం చాలు. ఆ అర నిమిషంలో బాకీ పడినవాడు ఫిర్యాది కావచ్చు, డబ్బు రావలసినవాడు ముద్దాయి కావచ్చు.

2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 356వ సెక్షను పరువునష్టానికి సంబంధించింది. నేరం రుజువైతే రెండేళ్ళ వరకు సాధారణ జైలు, లేదా జరిమానా, లేదా రెండూ, కాదంటే సమాజసేవ శిక్షగా పడవచ్చు. దీనికి పోలీసులు నేరుగా కేసు కట్టరు. పరువు పోయిందనుకున్న మనిషి మేజిస్ట్రేటు కోర్టులో ఫిర్యాదు చేయాలి. చేశాడంటే వాయిదాలకు తిరగవలసింది వ్యాపారే. ఎనిమిది వందల బాకీకి పట్నం బస్సు ఛార్జీలు, వకీలు ఫీజు అదనం.

"ఉన్న మాటే కదా రాశాను" అనేది వ్యాపారులు వెంటనే చెప్పే సమాధానం. పొరపాటు ఇక్కడే ఉంది. క్రిమినల్ కేసులో మాట నిజమైనంత మాత్రాన సరిపోదు. దాన్ని బయటపెట్టడం ప్రజల మేలుకు అవసరమని కూడా చూపాలి. ఫలానా ఇంటివారు పప్పు, నూనె బాకీ ఉన్నారని ఊరంతటికీ తెలియడం ప్రజల మేలు ఎలా అవుతుందో చెప్పడం కష్టం. పైగా వానలు లేక పంట పోయి ఇవ్వలేకపోయిన రైతును "మోసగాడు" అని రాస్తే, అది ఉన్న మాట కూడా కాదు.

గ్రూపు నడిపే అడ్మిన్ సంగతేమిటి? వేరే సభ్యుడు పెట్టిన దానికి అడ్మిన్ అయినంత మాత్రాన బాధ్యుడు కాడని 2022లో కేరళ హైకోర్టు చెప్పింది. పెట్టినవాడిదే బాధ్యత.

అప్పులిచ్చే బ్యాంకులకు, ఫైనాన్సు కంపెనీలకు ఈ విషయంలో రిజర్వు బ్యాంకు 2022 ఆగస్టులోనే గట్టిగా చెప్పింది. బాకీదారును నలుగురిలో అవమానించరాదు. అతని బంధువుల, స్నేహితుల జోలికి పోరాదు. సోషల్ మీడియాలో అనుచితమైన సందేశాలు పంపరాదు. వసూలు కోసం ఉదయం 8 గంటలకు ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్లు చేయరాదు. వీటితో వేగలేకపోతున్నవారు ముందు ఆ కంపెనీకే ఫిర్యాదు ఇచ్చి, 30 రోజుల్లో జవాబు రాకుంటే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు పంపుకోవచ్చు.

బాకీ లేని ఖాతాదారుల వివరాల విషయంలోనూ జాగ్రత్త అవసరమే. బిల్లు మీద రాయించుకున్న ఫోను నెంబర్లను మరో వ్యాపారికి ఇచ్చేయడం కొందరికి మామూలు. నమ్మి చెప్పిన వివరాలను ఇతరులకు ఇవ్వడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. జిల్లా వినియోగదారుల కమిషన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న తీర్పు చెప్పాక, 2023లో వ్యక్తిగత డిజిటల్ వివరాల రక్షణకు ప్రత్యేక చట్టం వచ్చింది. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. వ్యాపారుల మీద పడే ముఖ్యమైన బాధ్యతలకు 18 నెలల గడువిచ్చారు. వివరాలు ఎందుకు తీసుకుంటున్నారో చెప్పి ఒప్పుకోలు తీసుకోవడం, పని తీరాక చెరిపివేయడం వాటిలో ఉన్నాయి. ఆధార్ కాపీని ఫోనులో ఫొటో తీసి ఉంచుకునే దుకాణదారులు ఇప్పుడే ఆలోచించుకోవాలి.

మరి బాకీ ఎలా రాబట్టాలి? చట్టంలో దారి ఉంది. అరువిచ్చిన రోజునే పద్దు కింద సంతకం పెట్టించుకోవాలి. సరుకు బాకీకి దావా వేయడానికి ఇచ్చిన తేదీ నుంచి, గడువు పెట్టి ఇస్తే ఆ గడువు తీరిన నాటి నుంచి, మూడేళ్ళ వ్యవధి ఉంటుంది. ఆలోగా బాకీదారు "ఇంత ఇవ్వవలసి ఉన్నాను" అని రాసి సంతకం చేస్తే అక్కడి నుంచి మళ్ళీ మూడేళ్ళు. దావా దాకా పోకుండానే లోక్ అదాలత్‌కు వెళ్ళవచ్చు. కోర్టు ఫీజు లేదు. ఇద్దరూ ఒప్పుకుని రాజీ పడితే అది కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు. వాయిదాల్లో కట్టేలా రాయించుకోవచ్చు కూడా. వివరాలకు న్యాయ సేవాధికార సంస్థ ఉచిత నెంబరు 15100.

ఇప్పటికే జాబితా పెట్టినవారు వెంటనే తీసివేయడం మంచిది. ఎవరైనా ఫొటో తీసి దాచుకుని ఉంటే మాత్రం అది అలాగే ఉంటుంది.