గ్రహణం మొర్రి – ప్రయోగశాల చెప్పిన నిజం

పై పెదవి చీలి పుట్టిన బిడ్డను చూసి ‘గ్రహణం మొర్రి’ అంటారు. తల్లి గర్భంతో ఉన్నప్పుడు గ్రహణం చూడడమే దీనికి కారణమని నమ్మేవారు ఉన్నారు. కొందరు శిశువులకు పెదవితోపాటు అంగిలి కూడా చీలి ఉంటుంది. మరికొందరికి అంగిలి మాత్రమే చీలుతుంది. అంగిలి చీలిన బిడ్డ పాలు తాగలేక అవస్థపడుతుంది. మాటలు వచ్చాక ముక్కుతో మాట్లాడుతుంది. ఈ లోపానికి, గ్రహణానికి ఏ సంబంధమూ లేదు. మరి అంగిలి ఎందుకు చీలుతుంది? చిట్టెలుకలపై జరిపిన ప్రయోగాలు కొంత సమాధానం చెప్పాయి.

మూత్రపిండాల పైన ఉండే అధివృక్క గ్రంథులు కొన్ని స్టెరాయిడ్ హార్మోనులను తయారుచేస్తాయి. వీటిలో ఒకటైన కార్టిజోన్‌ను 1948లో అమెరికాలో కీళ్ళవాతానికి మందుగా వాడి చూశారు. కెనడాలోని మెగిల్ విశ్వవిద్యాలయానికి చెందిన క్లార్క్ ఫ్రేజర్, ఫైన్‌స్టాట్ అనే శాస్త్రజ్ఞులు ఈ మందును గర్భంతో ఉన్న చిట్టెలుకలకు ఇచ్చారు. పుట్టబోయే పిల్లలలో చాలావాటికి అంగిలి చీలి ఉన్నట్లు 1951లో ప్రకటించారు.

అంగిలి మొదట ఒకే పలక కాదు. రెండు రెక్కలు నాలుకకు అటూ ఇటూ కిందికి వేలాడుతూ ఉంటాయి. చిట్టెలుక పిండంలో సుమారు పద్నాలుగో రోజున అవి పైకి లేచి, నాలుక మీదుగా చేరువై, తలుపు రెక్కలవలె కలిసి అతుక్కుంటాయి. కార్టిజోన్ ప్రభావం వల్ల రెక్కలు లేవడం ఆలస్యమవుతుంది. ఈలోగా తల పెరిగి వెడల్పవుతుంది. ఆ తరువాత రెక్కలు లేచినా ఒకదాని నొకటి అందుకోలేవు. వాటి మధ్య సందు మిగిలిపోతుంది. అంగిలి మూసుకొన్న తరువాత ఇచ్చిన మందు దానిని చీల్చలేదు.

ఇంకొక విశేషం కూడా తెలిసింది. ఒకే మోతాదు ఇచ్చినా ఒక వంశపు ఎలుకలలో దాదాపు అన్ని పిల్లలకూ ఈ లోపం వచ్చింది. మరొక వంశంలో కొద్ది పిల్లలకే వచ్చింది. మొదటి వంశంలో అంగిలి సహజంగానే ఆలస్యంగా మూసుకొంటుంది. అంటే లోపానికి మందు ఒక్కటే కారణం కాదు. మోతాదు, సమయం, వంశపారంపర్యం కలిసి పనిచేస్తాయి.

ఎలుకలలో జరిగినదంతా మనుషులలో జరుగుతుందని చెప్పలేము. మనుషులలో స్టెరాయిడ్ల వల్ల అంగిలి చీలే ప్రమాదం, ఉన్నా చాలా తక్కువ. ఇందుకు భిన్నంగా, ఎలుకలలో సాధారణంగా అవయవ లోపాలు కలిగించని థాలిడోమైడ్ అనే మందు వేలాది శిశువుల కాళ్ళు చేతులను వికృతం చేసింది. 1957లో జర్మనీలో అమ్మకానికి వచ్చిన ఆ మందును అక్కడ 1961లో ఉపసంహరించారు.

స్టెరాయిడ్లు ప్రాణదాతలు కూడా. నెలలు నిండక ముందే కాన్పు కాబోతున్న తల్లికి ఇస్తే శిశువు ఊపిరితిత్తులు త్వరగా పరిపక్వమవుతాయని 1972లో న్యూజిలాండ్ వైద్యులు లిగ్గిన్స్, హోవీ నిరూపించారు.

కాబట్టి గర్భిణి వైద్యుని సలహా లేకుండా ఏ మందూ వాడకూడదు. వైద్యుడు ఇచ్చిన మందును తనంతట తాను మానకూడదు. మొర్రిని శస్త్రచికిత్సతో సరిచేయవచ్చు. అటువంటి బిడ్డను కన్న తల్లికి కావలసింది వైద్యం చూపే దారి, నింద కాదు.